పాత్రను మలచుట: ముక్కా, నడతయా?

క్రిందటి సంవత్సరము ప్రయోగశాలలో వెర్నియరు కొలతలు వ్రాసికొనుచున్న ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి తల యెత్తి నన్నిట్లు అడిగినాడు: “సార్, మనిషిని పూర్తిగా మన ఇష్టం వచ్చినట్టు తయారు చేసుకోనిచ్చే ఆన్‌లైన్ ఆట ఏది సార్? చాలా ఉన్నాయి, ఏది ఎంచుకోవాలో తెలియడం లేదు.” నాకు వెంటనే సమాధానము తోచలేదు. అతడు చూపిన ప్రకటనలలో ప్రతి ఆటయు తనయందు లెక్కలేనన్ని రూపములు కలవని చెప్పుకొనుచున్నది. లెక్కలేనన్ని అను మాట వినగానే లెక్క వేసి చూడవలెనని లెక్చరరుకు బుద్ధి పుట్టుట సహజము. సెలవులలో కొన్ని ఆటలను ఆడి చూచి, మరికొన్నిటి చరిత్ర చదివి, నాకు తోచిన అభిప్రాయమును ఇచట వ్రాయుచున్నాను.

పాత్రధారణ ఆట యనగా ఆడువాడు తానే ఒక కల్పిత వ్యక్తియై, ఆ వ్యక్తి పేరున నిర్ణయములు చేయు ఆట. దీనికి మూలము కంప్యూటరు కాదు, కాగితము. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజెన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. అందులో పాత్రకు బలము, బుద్ధి, వివేకము, దేహదార్ఢ్యము, చురుకుదనము, ఆకర్షణ అని ఆరు గుణములు. ఒక్కొక్క గుణమునకు మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తమును వ్రాసికొనుటయే. మూడు ఆరులు పడి 18 వచ్చుట 216 సార్లకు ఒకసారి. సగటున వచ్చునది పదిన్నర. సంభావ్యత పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన ‘మడ్’ అను ఆటలో పలువురు ఒకే కల్పిత లోకమున ఒకేసారి తిరుగ గలిగిరి. అదంతయు అక్షరములే, బొమ్మలు లేవు. కనుక ముక్కు ఎట్లుండవలెనను ప్రశ్నయే పుట్టలేదు.

నేడు ప్రశ్న అంతయు ముక్కు చుట్టునే తిరుగుచున్నది. దక్షిణ కొరియావారు 2014లో విడుదల చేసిన ‘బ్లాక్ డెజర్ట్’ అను ఆటను ఈ విషయమున ఆదర్శముగా చెప్పుదురు. దవడ, చెంప, కనుబొమ్మ, పెదవి అంచు, వెండ్రుక పాయ మొదలైన వానినన్నిటిని తెరపై అటునిటు లాగి మలచవచ్చును. ఈ పని ఎట్లు జరుగునో తెలిసికొనుట మంచిది. తెరపై మనకు కనబడు ముఖము చిత్రపటము కాదు. వేలకొలది బిందువులను గీతలతో కలిపిన ఒక వల. వాడుకలోనున్న ఒక పద్ధతిలో ప్రతి మీటకు ఒక మార్పుల పట్టిక ఉండును. ముక్కు పొడవు మీటను జరిపినచో ముక్కు కొననున్న బిందువులు ఇంత ముందునకు, ప్రక్కనున్నవి కొంత తక్కువగా కదలవలెనని ఆ పట్టిక చెప్పును. మూలముఖమునకు ప్రతి పట్టికను దాని మీట విలువతో గుణించి కలిపినచో కొత్త ముఖము సిద్ధము. అనగా ఇది హైస్కూలు విద్యార్థికి తెలిసిన గుణకారము, కూడికయే.

ఇట్టి ఆటలో వంద మీటలు, ఒక్కొక్కదానికి 256 స్థానములు ఉన్నవనుకొందము. ఒక ముఖమును గుర్తుంచుకొనుటకు వంద బైట్లు చాలును. ఈ వాక్యమును దాచుటకే అంతకన్న ఎక్కువ కావలెను. కాని ముఖముల సంఖ్య ఎంత? 256ను వందసార్లు వేసి గుణించినంత. అది సుమారు 1 ప్రక్కన 240 సున్నలు పెట్టిన సంఖ్యకు ఆరేడు రెట్లు. మనకు గోచరించు విశ్వములోని పరమాణువులనన్నిటిని లెక్కించినను 1 ప్రక్కన 80 సున్నలకు మించవని అంచనా! ప్రకటన అబద్ధము కాదు. అయినను దానివలన మనకు తెలిసినది ఏమియు లేదు.

ఏలయన, ఆట నడిపించు నియమములు ఆ వంద సంఖ్యలలో ఒక్కదానినైనను చదువవు. పొడుగు ముక్కు వీరుడు, పొట్టి ముక్కు వీరుడు ఒకే కత్తితో ఒకే దెబ్బ కొట్టుదురు. సురభి నాటకములో కిరీటము పెట్టుకొన్నంత మాత్రమున కృష్ణుడు కాడు, పద్యమెత్తవలెను. ఇచట పద్యమునకును కిరీటమునకును సంబంధము లేదు. పైగా ఈ ఆటలో మొదట వృత్తిని బట్టి స్త్రీయో పురుషుడో ముందే నిర్ణయమై యుండెను. వెండ్రుక పాయను వంచుటకు స్వేచ్ఛ ఇచ్చినవారు, ప్రధానాయుధముగా విల్లు పట్టు పురుషుని చేసికొనుటకు స్వేచ్ఛ ఇవ్వలేదు. 2018 వరకు ఆగవలసి వచ్చినది. ఆ శిల్పము అందముగా లేదని నేననను. రెండు గంటలు కూర్చుండి మా తాతగారి ముక్కును అచ్చముగా తెచ్చితిని. ఆట మొదలైన తరువాత నాకు కనబడినది తాతగారి వీపు!

కావున లోతును కొలుచుటకు నేను పెట్టుకొన్న పరీక్ష ఒక్కటే: నేను ఎన్నుకొన్న సంఖ్యను ఎవరైనను చదువుదురా? నియమములు చదివినను సరే, తోటి ఆటగాండ్రు చదివినను సరే.

నియమములు చదువు ఆటలలో 1997 నాటి ‘అల్టిమా ఆన్‌లైన్’ నా దృష్టిలో మిక్కిలి గొప్పది. అందులో వృత్తుల పేర్లతో గదులు కట్టలేదు. సుమారు యాభై నైపుణ్యములు కలవు: కత్తిసాము, మంత్రము, కమ్మరము, వంట, చేపలు పట్టుట, తుదకు భిక్షమెత్తుట. తొలి నియమముల ప్రకారము ఒక్కొక్కదానిని నూరు వరకు పెంచవచ్చును గాని అన్నియు కలిసి ఏడు వందలకు మించరాదు. హద్దు చేరిన పిమ్మట ఒకటి పెరుగవలెనన్న వేరొకటి తగ్గవలసినదే. యాభైలో ఏడింటిని పూర్తిగా నేర్చుట 9,98,84,400 విధములుగా సాధ్యము. ఇది పై చెప్పిన ముఖముల సంఖ్య ముందు సముద్రములో నీటిబొట్టు కూడ కాదు. కాని ఇందులో ప్రతి బేధము ఆటలో తెలియును. కమ్మరి కావలెనన్నవాడు మరియొకటి వదలుకొనవలెను. వాడు చేసిన కవచము కొనుటకు వేరొకడు రావలెను. వదలుకొనవలసినది ఉన్నచోటనే ఎన్నికకు అర్థము కలుగునని నాకు తోచుచున్నది.

అయితే నియమములు చదివినంత మాత్రమున చాలదు. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ 2004లో వచ్చినప్పుడు అరువదవ స్థాయి చేరినవానికి పంచుకొనుటకు 51 పాయింట్లు ఉండెడివి. కాగితముపై అది విశాలమే. కాని ఏ పంపకము వలన దెబ్బ అధికముగా తగులునో ఎవరో లెక్కగట్టగా, తక్కినవారిలో అనేకులు దానినే నకలు చేసిరి. మన విద్యార్థులు గైడ్లు చదివినట్లే! 2012లో నిర్మాతలు ఆ పద్ధతిని తీసివేసి ఆరు మెట్లు, మెట్టునకు మూడు ఎన్నికలు పెట్టిరి. మూడును ఆరుసార్లు వేసి గుణించిన 729. ఆటలో సారము పోయినదని చాలమంది కోపగించుకొనిరి. 2022లో పాయింట్లు పంచు పద్ధతి, రూపము మార్చుకొని, మరల వచ్చినది. నా అభిప్రాయములో 729 నిజమైన త్రోవలు కోటి బూటకపు త్రోవలకన్న మేలు. కాని కొంచెము కొంచెముగా పెంచుకొను సంతోషమును ఆ మెట్లు ఇవ్వజాలవన్నది కూడ నిజమే.

ఐస్‌లాండువారి ‘ఈవ్ ఆన్‌లైన్’ (2003) సంగతి వినోదకరము. అందులో నైపుణ్యము నేర్చుట గడియారముతో నడచును. మనము నిద్రించుచున్నను పాత్ర చదువుకొనుచునే యుండును. 2011లో అతి సూక్ష్మముగా ముఖమును మలచు పరికరమును చేర్చిరి. కాని ఆటలో ఇతరులకు కనబడునది మన అంతరిక్ష నౌక. ముఖము ఒక చిన్న పటము మాత్రమే. లోతంతయు నేర్చిన విద్యలలోనే ఉన్నది. 2016 నుండి ఆ విద్యను ఒకరి నుండి తీసి మరియొకరికి అమ్మ వీలు కల్పించిరి. డబ్బు పెట్టినవాడు నెలల చదువును ఒక పూటలో పొందవచ్చును. ఇది నాకు నచ్చలేదు. పిల్లలు ఇట్టి ఆటలో చేరుటకు ముందు, ఏ ఏ వస్తువులకు రొక్కము అడుగుదురో ఉపాధ్యాయులో, తల్లిదండ్రులో ఒకసారి చూడవలెను.

ఇక నియమములు చదువకున్నను మనుష్యులు చదివిన ఆట ఒకటి కలదు. అది 2004లో అమెరికాలో వెలువడిన ‘సిటీ ఆఫ్ హీరోస్’. అందులో ప్రతివాడును ఒక అద్భుతవీరుడు. శక్తులు వేరుగా, దుస్తులు వేరుగా ఎన్నుకొనవచ్చును. దుస్తులకు శక్తితో ఏమియు పని లేదు. నా పరీక్షలో ఇది తప్పవలసినది. కాని ఆ లోకములో ప్రతి పాత్రకు ఒక జీవితకథ వ్రాసికొనుటకు చోటు ఉంచిరి. దారిన పోవువాడు ఆగి దానిని చదువవచ్చును. ఆటగాండ్రు తమలో తాము వేషముల పోటీలు పెట్టుకొనెడివారు. యుద్ధము మాని కూడలిలో నిలిచి ఒకరి వేషమునొకరు మెచ్చుకొనుట ఇచట వాడుక. ఈ స్వేచ్ఛ ఎంతవరకు పోయినదన, ఆటగాండ్రు తమ వీరులను పోలిన పాత్రలను చేసికొనుచున్నారని మార్వెల్ సంస్థ 2004లో దావా వేసినది. సాక్ష్యముగా చూపిన బొమ్మలలో కొన్ని ఆ సంస్థవారే ఆటలో తయారు చేసినవని తేలి, న్యాయమూర్తి వానిని తొలగించెను! 2005లో ఉభయులు రాజీపడిరి.

2012 నవంబరు 30న ఆ ఆటను మూసివేసిరి. సర్వరు ఆగిన క్షణమున ఎనిమిదేండ్లుగా పెంచిన పాత్రలన్నియు పోయినవి. పాత్రను తయారు చేసినది మనమైనను అది నివసించునది పరుల యంత్రములో గదా. 2019లో ఆట తాలూకు ప్రోగ్రాము బయటపడి, అభిమానులు సొంత సర్వర్లు నడుపసాగిరి. 2024 జనవరిలో ‘హోమ్‌కమింగ్’ అను అభిమానుల బృందమునకు హక్కుదారులే అనుమతి ఇచ్చిరి. పాత పాత్రలు మాత్రము రాలేదు. మొదటి స్థాయి నుండి మరల ఆరంభింపవలసి వచ్చినది. అయితే ఈ ఆటలో వేషమును ఒక చిన్న ఫైలుగా తన కంప్యూటరులో దాచుకొను వీలు ఉండెడిది. అట్లు దాచుకొన్నవారు ఏండ్ల తరువాత ఆ ఫైలును తెరువగా తమ వీరుడు అదే అంగీతో, అదే రంగులతో ఎదుట నిలిచినాడు. స్థాయి లేదు, మిత్రుల పట్టిక లేదు, వేషము మాత్రము ఉన్నది.

మా విద్యార్థికి నేను దీనినే చెప్పితిని. దీనికి రుసుము లేదు, కావలసినవారు విరాళమిత్తురు. అతడిప్పుడు దానినే ఆడుచున్నాడు. తన వీరుని కథను తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో వ్రాసి, తప్పులు దిద్దుమని నా వద్దకు తెచ్చినాడు. తప్పులు చాలనే ఉన్నవి. పరీక్షలు ముగియువరకు ఆడరాదని నేను పెట్టిన నియమమును ఎంతవరకు పాటించుచున్నాడో మాత్రము నేనడుగలేదు.