మోకాటి లోతు నీళ్ళు

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి మా వైపు చెరువులు లోపలికి జరుగుతాయి. మరువ పారే రోజుల్లో పిట్టలు ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. గుడిబండ భైరసాగరమైనా, చింతామణి పక్కన ఊరి కుంటైనా, అంచున బురద తేలాకే సందడి. సూదితోక పరజలు తల ముంచి, తోక పైకెత్తి అడుగున మేస్తాయి. మెడకు అందే లోతే వాటికి కావాలి. ఎండలు ముదరకముందే హిమాలయాలు దాటి పోవాల్సిన బాతులవి. దారికి సరిపడా కొవ్వు ఇక్కడే పట్టాలి.

బాతులు చేరినచోటికి గద్దలూ వస్తాయి. వాటిని చూడాలంటే నేను ముందు ఆకాశం చూడను, నామాలకోళ్ళను చూస్తాను. గరుడపక్షి మీదుగా పోయినా అవి మేత ఆపవు. జమ్ము మీదుగా, రెక్కలు కాస్త పైకెత్తి, తక్కువ ఎత్తులో తేలుతూ చలికాలపు వలస గద్ద వచ్చిందా, చెల్లాచెదురుగా ఉన్నవన్నీ క్షణంలో ఒక్క ముద్ద అవుతాయి. గుంపు నుంచి విడిపోయినదాని కోసం, కుంటుతున్నదాని కోసం అది మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు.

బాగేపల్లి దాటి కొడికొండ వైపు వెళితే, ఆంధ్రలో చిలమత్తూరు మండలం వీరాపురం. అక్కడ చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టేదీ ఈ కాలంలోనే. సైబీరియా నుంచి వస్తాయంటారు గానీ, అవి మన దేశపు పక్షులే. కొంచెం తెరిచిన ముక్కును నీళ్ళలో అటూ ఇటూ ఆడిస్తూ, చేప తగలగానే మూసేస్తాయి. వాటికీ లోతు పనికిరాదు.

హెచ్.ఎన్. వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగునీటిని రెండు దశలు శుద్ధిచేసి చిక్కబళ్ళాపురం చెరువులకు పంపుతున్నారు. వెయ్యి అడుగులు దాటిన బోర్లున్న నేలకు నీళ్ళు రావాల్సిందే. మూడో దశ శుద్ధి కూడా కావాలన్న రైతుల మాటా న్యాయమే. దానికి నాదొక విన్నపం చేర్చండి. పూడిక తీసేటప్పుడు నాలుగువైపులా నిట్టనిలువుగా తవ్వేయకండి. కట్టకు ఎదురుగా, వాగు వచ్చి కలిసే వైపు వాలును అలాగే వదలండి. చెరువు ఏడాది పొడుగునా నిండుగా ఉన్నా, పరజలకూ కొంగలకూ అక్కడ కాలు ఆనుతుంది.