అమెరికో కాస్ట్రో సాక్ష్యం

ఒక యూరోపియన్ పండితుడు ముస్లిముల ఋణాన్ని అంగీకరించాడంటే చాలు, ఆయనను సాక్షిగా నిలబెట్టాలని మనకు తొందర కలుగుతుంది. స్పానిష్ సాహిత్యాచార్యుడు అమెరికో కాస్ట్రో విషయంలో ఈ తొందర పనికిరాదు.

1885లో బ్రెజిల్‌లో స్పానిష్ దంపతులకు జన్మించిన కాస్ట్రో గ్రనాడాలో పెరిగి, అక్కడే పట్టభద్రులయ్యారు. పారిస్‌లో చదివి వచ్చాక మేడ్రిడ్‌లో మెనెందెస్ పిదాల్ సాహచర్యంలో భాషా పరిశోధన సాగించారు. 1915లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పొందారు. అల్‌హమ్రా నీడన పెరిగినవారే అయినా, 1925లో సెర్వాంటిస్ భావాలపై వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలో ఆయన దృష్టి ప్రధానంగా యూరపు పునరుజ్జీవనం మీదనే నిలిచింది.

1936 అంతర్యుద్ధం ఆయనను దేశం నుండి వెళ్ళగొట్టింది. 1940 నుండి ప్రిన్స్‌టన్‌లో బోధించారు. అరవై దాటిన ప్రాయంలో, 1948లో, ‘స్పెయిన్ తన చరిత్రలో: క్రైస్తవులు, మూర్లు, యూదులు’ ప్రకటించారు. స్పానిష్ జాతి రోమన్ల నాటిది కాదనీ, 711 తర్వాత ముగ్గురు మతస్థుల సహజీవనంలో, సంఘర్షణలో రూపొందినదనీ ఆయన వాదం. సంతియాగో ఆరాధన సైతం ఇస్లాంకు ఎదురుగా పెరిగినదేనన్నారు. సాంచెస్ అల్బోర్నోస్ 1956లో రెండు సంపుటాలతో దీనిని ఖండించారు. ఆయన కూడా ప్రవాసే కావడం విశేషం!

పేరుపొందిన ఆచార్యుడు ఆ వయసులో తన దృష్టినే మార్చుకోవడం సామాన్యం కాదు. అయితే కాస్ట్రో అరబ్బీ పండితుడు కారు. ‘హిడాల్గో’ అనే కులీన పదాన్ని ‘ఖుమ్స్’కు ముడిపెట్టిన ఆయన ఊహను భాషాశాస్త్రజ్ఞులు సాధారణంగా ఒప్పుకోలేదు. హువాన్ రూయిస్ ప్రేమకావ్యంపై ఇబ్న్ హజ్మ్ ప్రభావముందన్న వాదమూ వివాదాస్పదమే. అంతకన్నా పెద్ద లోపం వేరొకటుంది. ఆయన గ్రంథంలో ముస్లిము ప్రధానంగా స్పెయిన్ ఆత్మను వివరించే సాధనం. ఖుర్తుబా ఫఖీహు తన సమాజానికి ఏమి చెప్పుకున్నాడన్నది అందులో వెనుకబడిపోయింది.

మన లోపమూ ఉంది. ‘సహజీవనం’ అనే మాటను ఆయన నుండి తీసుకుని, అందులోని సంఘర్షణను వదిలివేస్తున్నాం. మువహ్హిదుల కాలంలో మూసా బిన్ మైమూన్ కుటుంబం ఖుర్తుబా విడిచిపోవలసి వచ్చిన సంగతి మన వ్యాసాలలో ఎంత అరుదు!

కాస్ట్రో 1972లో స్పెయిన్‌లోనే కన్నుమూశారు. ఆయనకు లేని అరబ్బీ పరిజ్ఞానంతో ఈ పరిశోధనను ముందుకు నడిపినవారిలో ప్యూర్టోరికో ఆచార్యురాలు లూసె లోపెస్-బరాల్ట్ ముఖ్యులు. స్పానిష్ సాహిత్యంలో ఇస్లాం జాడలపై ఆమె గ్రంథం 1985లో వెలువడింది. మొరిస్కోలు అరబ్బీ లిపిలో రహస్యంగా వ్రాసుకున్న స్పానిష్ రచనలను కూడా ఆమె పరిశీలించారు. ముస్లిములు తమ గొంతుతో తాము మాట్లాడేది అక్కడే.