ఓపికకు మార్కులుండవు

పుట్టపర్తి దగ్గరి మా నల్లమాడ వైపు నర్సును మెచ్చుకోవాలంటే ఒకటే మాట: "ఆయమ్మకు ఓపిక శానా." మతి చెదిరినవాళ్లను చూసుకునే నర్సయితే ఆ మెప్పు ఇంకాస్త పెరుగుతుంది. నర్సింగ్ విద్యార్థులకు మానసిక ఆరోగ్య పాఠాలు చెప్పడమే వృత్తిగా బతికిన నాకు ఈ మెప్పు ఏనాడూ నచ్చలేదు. ఓపిక పుట్టుకతో వచ్చే గుణమని మనవాళ్ల లెక్క. పుట్టుకతో వచ్చేదానికి చదువెందుకు, పరీక్షెందుకు, జీతమెందుకు? పైగా ఆ మాట నమ్మి, నెమ్మదస్తురాలైన పిల్ల తనకు ఈ సబ్జెక్టు వచ్చేసిందనుకుంటుంది. నోటి దురుసు పిల్ల ఇది తన వల్ల కాదని వదిలేస్తుంది. నేను చూసినంతలో ఆ నోటి దురుసు పిల్లలే చాలాసార్లు మంచి మానసిక నర్సులయ్యారు. సూటిగా అడగడం వాళ్లకు వచ్చు. ఈ పనిలో సగం అడగడమే.

నర్సుకూ రోగికీ మధ్య నడిచే సంబంధం కూడా చికిత్సలో భాగమేనని, దానికీ ఒక మొదలు, ఒక నడక, ఒక ముగింపు ఉంటాయని 1952లో పుస్తకం రాసి చెప్పింది అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లా. బీఎస్సీ నర్సింగ్ పిల్లలు ఐదు, ఆరు సెమిస్టర్లలో చదివే మానసిక ఆరోగ్య నర్సింగుకు ఆ ఆలోచనే పునాది. వార్డులో దాన్ని సాధన చేయించేది ప్రాసెస్ రికార్డింగ్. రోగితో మాట్లాడి వచ్చాక ఆయన ఏమన్నాడో, తానేమన్నదో, ఆ క్షణాన తనకేమనిపించిందో మాటకు మాట రాసి చూపించాలి. పిల్లలకు ఇది విసుగు పని. ఎవరికి పని వచ్చిందో నాకు తెలిసేది మాత్రం అక్కడే.

ఆ కాగితాల్లో పదే పదే ఎదురయ్యే ఘట్టం ఒకటుంది. రోగి వేరుశనగ రైతు. "పైరంతా ఎండిపాయ సిస్టరమ్మా, నేనుండి మటుకు ఏం లాభం?" అంటాడు. విద్యార్థి జవాబు: "అట్లనొద్దన్నా, దేవుడుండాడు, అంతా బాగైతుంది." ఈ జవాబులో దయ ఉంది, పని లేదు. ఎన్నాళ్లనుంచో మింగుతున్న మాటను ఆయన బయటపెట్టాడు. ఈమె దాన్ని అక్కడికక్కడే ఆపేసింది. తర్వాతి వరుసలో ఆయన "సర్లేమ్మా" అంటాడు. ఆ "సర్లేమ్మా" కింద నేను ఎర్ర గీత గీస్తాను.

అక్కడ అడగాల్సింది వేరు: "చచ్చిపోవాలని అనిపిస్తాందా అన్నా?" తరగతిలో ఈ ప్రశ్న పలికించబోతే సగం మంది గొంతు పెగలదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అది అపోహేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది. అవతలి మనిషికి చాలాసార్లు అది ఊరట. ఆయన అవునంటే అక్కడితో ఆగకూడదు. ఎట్ల చేసుకోవాలనుకున్నావు, ఇంట్లో పురుగుల మందు ఉందా, డబ్బా ఎక్కడ పెట్టినావు, ఈ రాత్రి తోడు ఎవరుంటారు? ఇవన్నీ వరుసగా అడగాలి. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మాదొకటి. పంట పోవడం మాకు కొత్త కాదు, పురుగుల మందు లేని రైతిల్లూ అరుదే. చావాలన్న ఉద్రేకం చాలామందిలో కొన్ని గంటల్లో చల్లారుతుంది. ఆ గంటల్లో డబ్బా చేతికందకపోతే మనిషి మిగులుతాడు. శ్రీలంకలో అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. నిషేధం మన చేతిలో లేకపోవచ్చు. ఆ డబ్బాను ఇంటినుంచి తీయించి తమ్ముడింట్లో పెట్టించడం మన చేతిలో ఉంది. కేర్ ప్లాన్‌లో అది మొదటి వరుసలో రాయాల్సిన నర్సింగ్ చర్య.

పోలీసు కేసవుతుందని నోరు విప్పని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, ప్రభుత్వం సంరక్షణ కల్పించాలని 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ముక్క ఇంటివాళ్లకు తెలుగులో విడమరిచి చెప్పడం కూడా పాఠంలో భాగమే.

అయితే మా ఊళ్లలో మనసు బాలేదని ఆస్పత్రికి వచ్చేవాళ్లు తక్కువ. ఒళ్లంతా మంటలంటారు, గుండె దడంటారు, అరికాళ్లు తిమ్మిర్లంటారు. "ఒక గ్లూకోజు బాటిలు పెట్టమ్మా" అని అడుగుతారు. పిల్లలు బెంగళూరుకు కూలికి పోయి, ఇంట్లో ఒంటిగా మిగిలిన జేజిని తీసుకోండి. బీపీ, షుగరు సరిగానే ఉంటాయి, బాధ మాత్రం తగ్గదు. అప్పుడు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. రెండు వారాలుగా ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా? రెండు వారాలుగా దిగులుగా ఉందా? ఏదో ఒకదానికి ఔనంటే మిగతా ప్రశ్నలు మొదలుపెట్టాలి. బాటిలు పెట్టి పంపితే ఆమె వచ్చే వారం మళ్లీ వస్తుంది. లేదా రానే రాదు.

ఇక్కడ పుస్తకంలో లేని చిక్కు ఒకటుంది. మన దగ్గర రోగి ఒంటరిగా రాడు. కోడల్ని అడిగితే అత్త చెబుతుంది, మొగుణ్ని అడిగితే పెళ్లాం చెబుతుంది. ఇంటివాళ్లను కసిరి బయటికి పంపడం తెలివితక్కువ. రేపు మాత్రలు వేయించేది వాళ్లే, మళ్లీ తీసుకొచ్చేదీ వాళ్లే. "అమ్మా, మీరు చెప్పింది రాసుకుంటా. లోపల ఈ పిల్లకు బీపీ చూసి వస్తా" అని తలుపు దగ్గరగా వేసుకుంటే ఐదు నిమిషాలు దొరుకుతాయి. అసలు మాట ఆ ఐదు నిమిషాల్లో వస్తుంది.

ఇక మాత్రల సంగతి. ఎండ పాఠం చెప్పకుండా మా ప్రాంతంలో మానసిక నర్సింగ్ చెప్పడం వృథా. ఉన్మాదానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బుకు లిథియం ఇస్తారు. రక్తంలో దాని మోతాదు లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషం మొదలైనట్టే. మందుకూ విషానికీ మధ్య ఎడం అంతే. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపవు. రోగి అదే మాత్ర, అదే మోతాదు వేసుకున్నా రక్తంలో అది పెరిగిపోతుంది. మే నెలలో పొద్దంతా ఉపాధి పనికి పోయి చెమటోడ్చిన మనిషి, విరేచనాలు పట్టుకున్న మనిషి, బీపీకి మంచిదని ఎవరో చెబితే ఉప్పు ఒక్కసారిగా మానేసిన మనిషి, నడుం నొప్పికి డైక్లోఫెనాకో ఐబూప్రొఫెనో రోజూ మింగే మనిషి: నలుగురికీ ప్రమాదం ఒకటే. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలుతూ నడవడం దాని గుర్తులు. తూలే మనిషిని చూసి ఊరు తాగినాడంటుంది. నర్సు లిథియం అనుకోవాలి. మాత్ర ఆపించి, ఆ పూటే రక్త పరీక్షకు పంపాలి.

ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్రకు ఇంకో గుణం ఉంది. వణుకు, కండరాల బిగుతు తగ్గడానికి మానసిక మందులతో కలిపి ఇస్తారు. అది చెమటను తగ్గిస్తుంది. చెమట పట్టని ఒంటికి వడదెబ్బ తొందరగా తగులుతుంది. క్లోర్‌ప్రోమజీన్ వాడేవాళ్లకు ఎండలో చర్మం కమిలిపోతుంది. ఇవన్నీ ఫార్మకాలజీ పుస్తకంలో దుష్ప్రభావాల పట్టికలో ఒక్కో మాటగా ఉంటాయి. ఆ ఒక్క మాటను "అన్నా, పొద్దున పదికల్లా చేనునుంచి వచ్చేయ్, తలగుడ్డ కట్టుకో, నీళ్ల క్యాను వెంట పెట్టుకో" అనే సలహాగా మార్చడమే నర్సు చదువు.

సారా సంగతీ ఇట్లాంటిదే. ఏళ్లుగా రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానితే, సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో చేతులు వణికి, లేని పురుగులు ఒంటి మీద పాకినట్టు కనిపించి, ఉన్న చోటు తెలియకుండా పోతుంది. మాల వేసుకొని మానినా, కాలు విరిగి ఆస్పత్రిలో పడి మానినా ఇదే జరగొచ్చు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇట్లాంటివాళ్లు వరుస కట్టారు. కాబట్టి ఏ వార్డులో చేరిన రోగినైనా "చివరిసారి ఎప్పుడు తాగినావు?" అని అడగాలి. తాగుడు మనిషికి గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ పడిందో లేదో చూడాలి. తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలిపే మందులని ప్రకటనలు కనిపిస్తుంటాయి. డైసల్ఫిరామ్ లాంటిది తెలియకుండా పెట్టి, ఆపైన ఆయన తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట కూడా ఇంటి ఆడవాళ్లకు ముందే చెప్పాలి.

గాలి, చేతబడి, గ్రహం అన్న మాటలు వినగానే నవ్వే విద్యార్థిని నేను వార్డులోంచి బయటికి పంపుతాను. దర్గాకు పోయి వచ్చిన కుటుంబం, గుడిలో నిద్ర చేసి వచ్చిన కుటుంబం చికిత్సకు శత్రువు కాదు. మనిషిని వదిలేయకుండా తిప్పుతున్న కుటుంబం అది. తాయెత్తు ఉండనీ, మాత్ర కూడా పడనీ అంటే వాళ్లు వింటారు. గీత గీయాల్సింది గొలుసు దగ్గర. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గరి ఒక షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక చనిపోయారు. ఇప్పటి 2017 చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనైనా మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

ఇదంతా నిమ్హాన్స్ లాంటి పెద్ద ఆస్పత్రి పని కాదా అని అడగొచ్చు. నిజానికి నిమ్హాన్సే ఆ మాట ఒప్పుకోలేదు. పక్క రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో 1980ల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి మందులతోనే ఊళ్లలో వైద్యం నడపొచ్చని చూపించింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి పనే నమూనా. అయినా 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి, నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ ఖాళీని డాక్టర్లతో మాత్రమే నింపలేం. అంతమంది సైకియాట్రిస్టులు మనకు లేరు.

నర్సులు ఉన్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా, అంటే ఎంఎల్‌హెచ్‌పీలుగా కూర్చున్నది బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే. మానసిక సమస్యలను గుర్తించడం వాళ్ల పన్నెండు రకాల సేవల్లో ఒకటి. 2017 చట్టం లెక్కన, జనరల్ నర్సింగులో డిప్లొమా లేదా డిగ్రీ ఉండి రాష్ట్ర కౌన్సిల్లో పేరు నమోదైన నర్సు కూడా మానసిక ఆరోగ్య నర్సే. అది నా సబ్జెక్టు కాదు అనే వీలు చట్టం ఎవరికీ ఇవ్వలేదు.

మా మండలంలోనూ, చుట్టుపక్కల పుట్టపర్తి, కదిరి, ధర్మవరం వైపు క్లినిక్కుల్లోనూ పనిచేస్తున్న నా పాత విద్యార్థులకు, రేపు అక్కడికి వెళ్లబోయే పిల్లలకు నా విన్నపం ఇది. ఏటా మార్చి నెలలోపు మీ ఊళ్లో లిథియం, ట్రైహెక్సీఫెనిడిల్, క్లోర్‌ప్రోమజీన్ వాడేవాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్కులో రాసుకొని, ఎండలు ముదరకముందే ఒక్కొక్కరి ఇంటికి పోయి మాట్లాడండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. ఆ నంబరును క్లినిక్ గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి. పంట పోయిన ఇంటికి పోయినప్పుడు ఓదార్పు తర్వాత చెప్పండి, ముందు అడగాల్సింది అడగండి.