రేకు పని తెలిసిన రోబో

రోబో అనగానే పిల్లలు డబ్బా తల, దాని మీద రెండు యాంటెన్నాలు గీసేస్తారు. 2010లో 'రోబో' సినిమా వచ్చాక అందులోని రోబో చిట్టి వేషం తోడైంది. అయితే బొమ్మ చూడగానే ఇది లేచి నడుస్తుందనిపించాలంటే గీసేవాళ్లకు కీళ్లూ బరువూ తెలియాలి. అలాంటి బొమ్మ కనబడితే నేను చాలాసేపు చూస్తూ ఉండిపోతాను.

ఆ చదువు జనగామ పక్కన పెంబర్తిలోనే దొరుకుతుంది. అక్కడ ఇత్తడి రేకును లక్క మీద బిగించి, ఉలితో, సుత్తితో కొట్టి రూపం ఉబికిస్తారు. గుడి వాహనానికి తొడుగు వేసేటప్పుడు చెక్క వంపు తిరిగిన చోట రేకు ముక్క మారుతుంది. అంచు మీద అంచు కూర్చుంటుంది, దాని వెంట మేకుల వరుస. రోబో భుజానికి ఆ అతుకూ ఆ మేకులూ గీసి చూడండి, లోపల యంత్రం ఉందని ఎవరైనా నమ్ముతారు.

రోబో ఆకారానికి గనుల్లోనూ పాఠం ఉంది. భూపాలపల్లి భూగర్భ గనుల్లో బొగ్గెత్తే ఎస్‌డీఎల్ (సైడ్ డిశ్చార్జ్ లోడర్) యంత్రం పొట్టిగా ఉంటుంది, బకెట్‌ను పక్కకు ఒంపుతుంది. ఇరుకు దారిలో తిరగడానికి చోటుండదు మరి. ఎంత అందమైన ఆకారమో!

మహబూబాబాద్ మిర్చి చేనుకు రోబో కావాలంటే? సాళ్ల మధ్య పట్టే సన్నని కాళ్లు, కొమ్మ విరక్కుండా కాయ తెంపే మెత్తని వేళ్లు, మోకాళ్ల దాకా మట్టి. వేళ్ల దగ్గర రంగు కాస్త అరిగిపోయి ఉండాలి.