పిలవని పేరంటాళ్ళు

సోమవారం పొద్దున్న లాప్‌టాప్ ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కలుపుకుని వచ్చి, సగం గ్లాసు తాగేశాను. అప్పటికీ తెర మీద నీలం చక్రం తిరుగుతూనే ఉంది. కింద కుడి మూలన మాత్రం బొమ్మలు ఒక్కొక్కటే మొలుస్తున్నాయి. అందులో ఒకటి “ప్రింటర్ కనిపించడం లేదు, సరిచూసుకోండి” అని నన్నే దబాయించింది. ఆ ప్రింటర్ పాత సామాన్లవాడి బండెక్కి ఏడాదైంది. అది పోయినా దాని మనిషి మా ఇంట్లోనే ఉండిపోయాడన్నమాట.

నా చాదస్తం మీకు తెలియంది కాదు. లిఫ్టులో పాట, టిఫిన్ సెంటర్లో టీవీ, ఫోను మోగడానికి బదులు వినిపించే ప్రకటన... అడక్కుండా మొదలయ్యేదేదీ నాకు గిట్టదు. వీటి మీద ఇక్కడే ఎన్ని వారాలు సణిగానో మీలో కొందరు లెక్కపెట్టి ఉత్తరాలు కూడా రాశారు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాను. టాస్క్ మేనేజర్లో ‘స్టార్టప్’ జాబితా ఉంటుంది. విండోస్ 8 నుంచీ దాని కాపురం అక్కడే. అంతకుముందు రన్ డబ్బాలో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి వెతుక్కునేవాళ్ళం. పదిహేడు పేర్లున్నాయి. నేను ఎరిగి పిలిచినవాళ్ళు ముగ్గురో నలుగురో. పేరు పక్కన హై, మీడియం, లో అని మార్కులు. మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ని 1 సెకను మించి వాడుకున్నా, డిస్కు మీద 3 ఎంబీ మించి చదివినా రాసినా ‘హై’. 300 మిల్లీసెకన్లు, 300 కేబీల లోపు సర్దుకుంటే ‘లో’. ఎవడెంత తిన్నాడన్నదే లెక్క. ఎందుకొచ్చాడని అడిగే గడి లేదు.

కుడి క్లిక్కు, డిజేబుల్. మళ్ళీ కుడి క్లిక్కు, డిజేబుల్. ‘హై’ వచ్చినవాళ్ళని ముందు పంపించాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? ఆటోరన్స్ తెరిచాను. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ కలిసి రాసిన ఉచిత ప్రోగ్రాం అది. 2006లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ కంపెనీనే కొనేసింది. రిజిస్ట్రీలో రన్ కీలు, షెడ్యూల్డ్ టాస్కులు, సర్వీసులు, ఇలా లోపలికి రావడానికి ఉన్న దొడ్డిదారులన్నీ ఒక్కచోట చూపిస్తుంది. టిక్కు తీసేస్తే ఆ దారి మూసినట్టే.

ఒక్కో టిక్కూ తీస్తుంటే విజయవాడ గవర్నర్‌పేటలో నేను పనిచేసిన డీటీపీ సెంటర్ గుర్తొచ్చింది. 1993. ఒక 386 యంత్రం, 4 ఎంబీ మెమరీ. ఎంత మెమరీ ఉన్నా డాస్ ప్రోగ్రాములకి మామూలుగా దక్కేది మొదటి 640 కేబీయే. పని అయిపోయినా అందులోంచి లేవకుండా కూర్చునే ప్రోగ్రాములుండేవి. టీఎస్సార్లు అనేవాళ్ళం. మా ఓనరు గారు మాత్రం ‘అరుగు మీద బాపతు’ అనేవారు. అరుగు ఖాళీ చేయించడమంటే ఆయనకి సరదా. రోజూ పొద్దున్నే ఆటోఎగ్జెక్ ఫైలు తెరిచి ఎవడెక్కడ కూర్చున్నాడో చూసేవారు. మిగిలిన కేబీలు పైకి చదివి మురిసిపోయేవారు.

మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. ఆయన టిఫిన్‌కి వెళ్ళారు. నేనూ ఆయనంతవాణ్ణి అనిపించుకుందామని కాన్ఫిగ్ ఫైలు తెరిచాను. పై వరసలోనే హైమెమ్ అని కనబడింది. పేరులోనే మెమ్ ఉంది కనక మెమరీ తినేది ఇదేనని తీర్మానించి ఆ లైను చెరిపేశాను. యంత్రం మళ్ళీ ఆన్ చేసి విన్ అని కొడితే విండోస్ 3.1 మొరాయించింది. పైనున్న మెమరీని విండోస్‌కి అందించే మనిషే ఆ హైమెమ్. శుభలేఖ ప్రూఫు కోసం వచ్చిన పెళ్ళికూతురి మేనమామ ఎదురు కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

ఓనరు గారు వచ్చారు. చెయ్యి కడుక్కున్న తడి తుడుచుకుంటూ, ఆ లైను చూడకుండానే మళ్ళీ కొట్టేశారు. తిట్టలేదు. “అబ్బాయ్, చెరిపెయ్యకు. ముందు రెమ్ పెట్టు. వాడు పనిచెయ్యడు, కానీ పేరుంటుంది. రేపు వాడితో అవసరం పడితే ఏమని పిలుస్తావు?” అన్నారు. ఆయన రెమ్ పెట్టిన ప్రతిచోటా ఏ తేదీన, ఎందుకు పెట్టారో కూడా రాసి ఉండేది. అది నాకప్పుడు ముసలితనంలా కనిపించింది. ఆయనకప్పుడు నలభై కూడా లేవు.

సరే, సోమవారానికి వద్దాం. యంత్రం ఆపి మళ్ళీ వేశాను. కాఫీ పొడి డబ్బా మూత తీసేలోగా తెర సిద్ధం. కింద మూలన ఒక్క బొమ్మా లేదు. ఆ ఊపులోనే ఈ కాలమ్ మొదలెట్టాను. ‘పొద్దున్న’ అని కొడితే తెర మీద అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప.

డీటీపీ రోజుల్లో వేళ్ళకి పట్టుబడిన ఆపిల్ లేఅవుట్ తప్ప నాకు ఇంకోటి రాదు. విండోస్‌తో వచ్చే ఇన్‌స్క్రిప్ట్ దగ్గర నా వేళ్ళు తడబడతాయి. నా నొక్కుళ్ళని తెలుగు చేసి తెర మీదకి పంపే కీబోర్డు ప్రోగ్రాం ఒకటి ఏళ్ళ తరబడి ముందే వచ్చి కూర్చుంటోంది. దాని పేరు మూడు పొడి అక్షరాలు, తయారుచేసిందెవరో చెప్పే గడి ఖాళీ, మార్కేమో ‘హై’. అందుకే మొట్టమొదట దాన్నే గెంటేశాను. నేను అచ్చుకిచ్చిన ఇన్ని వేల పేజీల్లో దాని చెయ్యి పడని అక్షరం లేదు. ఒక్కరోజు కూడా దాన్ని నేను పిలిచి ఎరగను. రోజూ పిలవాల్సి వస్తే విసుక్కునేవాణ్ణి కూడా.

డిజేబుల్ అంటే చెరిపెయ్యడం కాదు కనక బతికిపోయాను. ఎనేబుల్ నొక్కాను. తర్వాత టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళతో జరిపితే పేజీ జరగడం లేదని తెలిసింది; ఆ మనిషినీ వెనక్కి పిలిచాను. రాసినవాటికి నకళ్ళు తీసి పెట్టేవాణ్ణీ అంతే. ప్రింటర్‌వాడికి మాత్రం రెమ్ లేదు, ఏకంగా అన్‌ఇన్‌స్టాల్.

బుధవారం ఒక నోటుపుస్తకం తీసి పేరు, తేదీ, కారణం అని గీతలు గీశాను. పదహారు పేర్లూ ఎక్కించాను. పదకొండో పేరు ఎవరిదో ఎంత వెతికినా తేలలేదు. మార్కు ‘మీడియం’. కారణం గడిలో ‘ఉండనీ’ అని రాశాను.