ఇనుము ఉపమానము – క్వార్కు పదార్థము

విశ్వము పుట్టిన తొలి క్షణములలో క్వార్కు పదార్థము పొందిన మార్పును వివరించునప్పుడు, పలువురు రచయితలు, ఉపాధ్యాయులు కాలిన ఇనుమును ఉపమానముగా చూపుచుందురు. ఉపమానము మంచిదే, కాని సగముతో ఆపివేయుట వలన విద్యార్థికి తప్పు అభిప్రాయము కలుగుచున్నది.

ముందు దానిలోని మంచిని చూతము. విశాఖ ఉక్కు కర్మాగారము ప్రక్కనే ఉన్న కూర్మన్నపాలెము విద్యార్థికి ఉక్కు క్రొత్త వస్తువు కాదు. చల్లని ఉక్కును విద్యుదయస్కాంతపు క్రేను ఎత్తగలదు. ఎర్రగా కాలిన ఉక్కును ఎత్తజాలదు. చల్లని ఇనుములోని పరమాణు అయస్కాంతములు గుంపులుగా ఒక్కొక్క దిశను ఎన్నుకొని నిలుచును. అన్ని దిశలూ సమానమన్న సౌష్ఠవము అచట భంగమైనది. 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో ఆ వరుస చెదరి, సౌష్ఠవము తిరిగి వచ్చును. కనుక వేడి సౌష్ఠవమును భంగపరచునని వ్రాయుట తలక్రిందుల మాట.

క్వార్కులు బొంగరముల వలె తిరుగుచుండును. పోవు దిశను బట్టి వాటి భ్రమణము సవ్యము గాని, అపసవ్యము గాని అగును. ద్రవ్యరాశి లేనిచో ఈ రెండు తెగలు కలియవు. కాని చల్లని శూన్యములో నిండియున్న క్వార్కు–ప్రతిక్వార్కు జంటలు వాటిని ముడివేయుచున్నవి. ఇదియే ఇచటి సౌష్ఠవ భంగము. క్వార్కులను ప్రతిపాదించుటకు మూడేండ్లు ముందే, 1961లో, నంబు, జోనా–లసీనియో అను శాస్త్రజ్ఞులు అతివాహకత్వ సిద్ధాంతమునుండి ఈ భావమును గ్రహించిరి. నంబుకు 2008లో నోబెల్ బహుమానము లభించెను.

ఇది కేవలము పండితుల ముచ్చట కాదు. ప్రోటాను ద్రవ్యరాశి 938 మిలియన్ ఎలక్ట్రాను వోల్టులు. అందులోని మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశి మొత్తము సుమారు తొమ్మిది మాత్రమే. మిగిలినది ప్రబల బలమునకు సంబంధించిన శక్తి. మన బరువంతయు హిగ్స్ కణము ఇచ్చినదే అనుట కూడ ఇందువలన పొరపాటగును.

ఇక లోపము. ఇనుమునకు 770 అను గీత కలదు. క్వార్కు పదార్థమునకు అట్టి గీత లేదు. సుమారు లక్షా ఎనభై వేల కోట్ల కెల్విన్ డిగ్రీల వద్ద మార్పు వేగముగా జరుగును గాని, తెగినట్లు జరుగదని 2006లో కంప్యూటరు గణనలు స్థాపించినవి. కారణమేమి? క్వార్కులకు కొద్దిపాటి ద్రవ్యరాశి కలదు. కనుక సౌష్ఠవము మొదటినుండియు ఇంచుక లోపించియే యున్నది.

ఉపమానమును విడువనక్కరలేదు. ఇనుమును బయటి అయస్కాంత క్షేత్రములో ఉంచి వేడి చేయుచున్నట్లు చెప్పిన చాలును. అప్పుడు 770 దాటినను కొంత అయస్కాంతత్వము మిగిలి, క్రమముగా తగ్గును. క్వార్కు ద్రవ్యరాశియే ఆ బయటి క్షేత్రము వంటిది.

మరొక మాట. ఈ మార్పు తరువాత క్వార్కులు స్వేచ్ఛగా ఎగురు వాయువగునని వ్రాయుటయు సరికాదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో బంగారు కేంద్రకములను ఢీకొట్టించినప్పుడు ఏర్పడినది ద్రవము వలె ప్రవహించినదని 2005లో ప్రకటించిరి. క్వార్కుల నడుమ బలము అచటను ప్రబలమే.

ఉపాధ్యాయులు నల్లబల్లపై రెండు వక్రరేఖలు గీయవచ్చును: క్షేత్రము లేని ఇనుమునకు ఒకటి, క్షేత్రములోని ఇనుమునకు ఒకటి. క్వార్కు పదార్థము రెండవదానిని పోలునని చెప్పినచో ఉపమానము పూర్తియగును.