ఆకును గుర్తుపట్టే నెల

కార్తీకమాసం వచ్చిందంటే హైదరాబాద్ చిక్కడపల్లిలోని వేంకటేశ్వరస్వామి గుడి దారిలో ఉసిరి కొమ్మలు దిగుతాయి. క్షీరాబ్ది ద్వాదశి ముందురోజు సాయంత్రానికి కాయలున్న కొమ్మ, తులసి మొక్క, అరటిదొప్పలు, ఒత్తుల కట్టలు అన్నీ పేవ్‌మెంట్ మీదే దొరుకుతాయి. కొనేవాళ్లలో చాలామంది ఉసిరిచెట్టు కింద కూర్చుని ఎన్నేళ్లయిందో చెప్పలేరు. కొమ్మ లేకుండా మాత్రం పూజ సాగదు. తులసికోటలో ఆ కొమ్మ గుచ్చి, తులసికీ విష్ణువుకీ పెళ్లి చేసి, ఉసిరికాయ నెత్తిన గుంట తీసి నేతిదీపం పెడతారు. ఆకు, కాయ, మట్టి, నీరు, నిప్పు, ఇవే ఆ పూజకు కావలసినవి.

మన లెక్కలో ఆశ్వయుజ కార్తీకాలు శరదృతువు. వానలు వెనక్కి తగ్గుతాయి, నేలలో తడి ఇంకా మిగిలే ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది. చలి ముదిరి నేల బిగుసుకుపోయేలోపు, ఎవరూ విత్తని ఆకుకూరలు చివరిసారిగా గుబురు కడతాయి. ఉసిరి పండేదీ, చింతకాయ పచ్చిగా ముదిరేదీ, సీతాఫలం బుట్టలు నగరానికి వచ్చేదీ ఈ రోజుల్లోనే. వినాయక చవితి నుంచి కార్తీకం చివరి దాకా మన పండగల వరుస చూస్తే, భక్తి పేరుతో ఇంటింటా నడిచిన వృక్షశాస్త్రం క్లాసులా ఉంటుంది. పూజకు ఏరుకు రావడం, వంటకు ఏరుకు రావడం రెండూ ఒకే చదువు. ఆ చదువు చెప్పినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే.

పండగల వరుసలో మొక్కల వరుస

వినాయక చవితి పత్రిలో 21 రకాలుంటాయి. మారేడు, గరిక, తులసి, మామిడి, రావి, జమ్మి లాంటి మంచి మొక్కలతో పాటు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఈ మూడూ విషపు మొక్కలే. పిల్లవాడు వాటిని చేత్తో కోసి, పేరు పలికి, దేవుడి ముందు పెడతాడు గానీ నోట్లో పెట్టుకోడు. తినేదాన్ని ఎంత బాగా గుర్తుపట్టాలో తినకూడనిదాన్నీ అంత బాగా గుర్తుపట్టాలన్న పాఠం ఆ పత్రిలో ఉంది. అదే రోజు తెలంగాణ ఇళ్లలో తుమ్మికూర వండుతారు. ఏడాదంతా కలుపుమొక్కగా చూసే తుమ్మి ఆ ఒక్కరోజు నైవేద్యం పక్కన కూర్చుంటుంది.

తర్వాత బతుకమ్మ. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా పేర్చే పూలలో గునుగు, తంగేడు ముఖ్యం. రెండూ తోటపూలు కావు. గునుగు జొన్నచేలల్లో తనంతట తాను మొలుస్తుంది, లేతగా ఉన్నప్పుడు దాని ఆకు కూరకు పనికొస్తుంది. తంగేడు బీడునేలల పొద. ఏరుకొచ్చినవాళ్లకే ఆ పండగ దక్కేది. దసరాకు జమ్మి ఆకు పంచుకుని పెద్దల కాళ్లకు మొక్కడంతో ఆశ్వయుజంలో మూడోవంతు గడుస్తుంది.

కార్తీకం మట్టికి మొక్కే నెల. నాగుల చవితి నాడు ఆంధ్ర ప్రాంతం వాళ్లు పుట్ట దగ్గరికి వెళ్లి పాలు పోసి, పుట్టమన్ను చెవులకు రాసుకుంటారు. తెలంగాణలో నాగపూజ ఎక్కువగా శ్రావణ పంచమి నాడు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ లాంటి చోట్ల రెండు ప్రాంతాల వాళ్లూ పక్కపక్క ఫ్లాట్లలో ఉంటారు కాబట్టి ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు తిథులూ నడుస్తాయి. నాగుల చవితి నైవేద్యాలు చలిమిడి, చిమ్మిలి, వడపప్పు. తడిబియ్యప్పిండిలో బెల్లం కలిపితే చలిమిడి, నువ్వులు బెల్లం కలిపి దంచితే చిమ్మిలి, నానబెట్టిన పెసరపప్పు వడపప్పు. ఏదీ పొయ్యి ఎక్కదు.

చాతుర్మాస్యం పట్టేవాళ్లు నాలుగు నెలల్లో వరుసగా ఆకుకూరలు, పెరుగు, పాలు, పప్పుదినుసులు మానేస్తారు. వానలు ముమ్మరంగా ఉండే తొలినెలలో ఆకుల మీద బురద, పురుగు ఎక్కువ కాబట్టి ఆకుకూర వద్దన్నారని పెద్దలు చెబుతారు. చివరిదైన కార్తీకానికి వచ్చేసరికి పప్పు ఆగుతుంది, ఆకు తిరిగి కంచంలోకి వస్తుంది. శరత్తులో పిత్తం పెరుగుతుందని, చేదు, తీపి, వగరు రుచులు మంచివని ఆయుర్వేదం చెప్పింది. కార్తీకం చివరి ఎనిమిది రోజులు, మార్గశిరం మొదటి ఎనిమిది రోజులు యమదంష్ట్రలని, ఆ రోజుల్లో మితంగా తినేవాడే బతుకుతాడని వైద్యగ్రంథాల హెచ్చరిక.

ఉసిరి తొక్కు పెట్టే పద్ధతి

కార్తీక వనభోజనానికి ఉసిరిచెట్టు నీడ కావాలంటారు. చెట్టు మొదట్లో పూజ చేసి, అక్కడే వండి, అక్కడే ఆకుల్లో తినాలి. ఈ నెల చెట్టు కింద కూర్చుంటే కాయ చేతికందుతుంది, కాయ చేతికందితే తొక్కు మాట వస్తుంది.

తొక్కులో మొదటి మెలకువ తడి లేకుండా చూసుకోవడం. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఒక పూట ఆరబెట్టాలి. చెమ్మ మిగిలితే బూజు పట్టినట్టే. ఆరిన కాయల్ని రాతిరోట్లో ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకి ఎత్తాలి. మూడో రోజు తీస్తే ఉప్పుకు కాయ మెత్తబడి గింజ తేలిగ్గా ఊడివస్తుంది. గింజలు ఏరేసి, గుజ్జు మళ్లీ మెత్తగా తొక్కి, అదిమిపెట్టి మూత కట్టాలి. నెలలు గడిచేకొద్దీ తొక్కు నల్లబడుతుంది. ఉసిరిలోని వగరు పదార్థాలు గాలి తగిలి ఆ రంగు తిరుగుతాయి, పాడైనట్టు కాదు. నల్ల ఉసిరికాయ పచ్చడి అంటే అదే. కావలసినప్పుడల్లా కొంచెం తీసి, మెంతులూ ఎండుమిరపకాయలూ వేయించిన పొడి కలిపి, ఇంగువ పోపు పెట్టుకుంటారు. పులుపు లోహాన్ని తింటుంది కాబట్టి రోలు రాయిది, జాడీ పింగాణీది అయి ఉండాలి. పచ్చి చింతకాయ తొక్కుకూ ఇదే వరస. దాంట్లో గింజతో పాటు పీచు కూడా తీస్తారు.

తుంచి చూస్తే తెలుస్తుంది

నారాయణగూడ మార్కెట్‌కు పొద్దున్నే వెళితే, పాలకూర, తోటకూర కట్టల పక్కన ఒక్కోసారి చిన్న కుప్పలు కనబడతాయి. పొన్నగంటి, గంగవాయిలి, ఎప్పుడైనా గలిజేరు. నగరం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు తెచ్చేవి ఇవి. “ఇదేం కూరమ్మా?” అని అడిగితే పేరు చెప్పి ఊరుకోరు. “గంగవాయిలి బిడ్డా, పప్పులేసుకో, పుల్లగుంటది, చింతపండు తక్కువెయ్యి” అని వంట కూడా చెప్పి పంపుతారు.

గంగవాయిలినే కోస్తా వాళ్లు పాయలకూర అంటారు. ఎర్రటి కాడ, మందపాటి నున్నటి ఆకు, నేల మీద పరుచుకునే తీరు దాని గుర్తులు. ఇలాగే ఎర్రకాడలతో నేలకు అంటుకుని పాకే నానబాలు జాతి మొక్కలు కూడా ఉంటాయి. తేడా తెలియాలంటే కాడ తుంచాలి. గంగవాయిలి నుంచి నీళ్లలాంటి రసం వస్తుంది, నానబాలు నుంచి తెల్లటి పాలు కారతాయి. పాలు కారితే కూరకు పనికిరాదని వదిలేయాలి. పొన్నగంటికీ ఇలాంటి గుర్తు ఉంది. దాని తెల్లటి చిన్న పూలగుత్తి ఆకు మొదట్లో కాడ లేకుండా అతుక్కుని ఉంటుంది. మురుగు కాలువల్లో పెరిగే దాని దాయాదికి పూలగుత్తి పొడవాటి కాడ మీద నిలబడుతుంది. పులిచింతాకుకు గుండె ఆకారంలో మూడేసి ఆకులు, పసుపుపచ్చ పూలు, నాలిక మీద పెడితే పులుపు. నువ్వులతో నూరితే దాని పచ్చడికి వేరే పులుపు అక్కర్లేదు.

పొన్నగంటి వండేటప్పుడు లేత చివుళ్లు మాత్రమే గిల్లి, మట్టి పోయేదాకా నీళ్లు మార్చి కడగాలి. తరిగి, చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గనిచ్చి, సగం ఉడికిన పెసరపప్పు, పచ్చిమిర్చి వేసి దగ్గరకు రానివ్వాలి. మామూలు రోజుల్లో వెల్లుల్లి పోపు దానికి ప్రాణం. కార్తీకంలో ఉల్లి వెల్లుల్లి మానినవాళ్లు ఇంగువ, జీలకర్రతో సరిపెడతారు. పప్పు కూడా మానినవాళ్లు వేయించిన నువ్వులపొడి చల్లి దించుతారు. తీసిపారేసే ముదురు కాడ రెండు కణుపులు మట్టిలో గుచ్చితే కణుపు దగ్గర వేరు పడుతుంది. బాల్కనీ కుండీలో పొన్నగంటి పెంచడానికి విత్తనం కూడా కొననక్కర్లేదు.

ఈ ఆకులు పేదవాళ్ల తిండి అన్న చిన్నచూపు ఒకటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారపదార్థాల పోషక పట్టికలు ప్రచురించింది. పొన్నగంటి కూరకు అందులో చోటుంది. అలాగని ఆకు అన్నదల్లా అమృతం అనుకోకూడదు. గంగవాయిలిలో, పులిచింతాకులో ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు వీటి జోలికి పోకపోవడం మేలు. మిగతావాళ్లు ఉడికించి నీళ్లు వార్చినా, పెరుగుతో కలిపి తిన్నా ఆ ప్రభావం తగ్గుతుంది. గలిజేరు కూరగా తిన్నా మందు గుణం ఉన్న మొక్కే కాబట్టి గర్భిణులు వైద్యుణ్ని అడగకుండా తినరాదు.

ఎక్కడ ఏరకూడదు

నగరంలో ఏరుకునే మాటకు వస్తే మొదటి పాఠం ఎక్కడ చెయ్యి పెట్టకూడదన్నదే. హుస్సేన్‌సాగర్ మిగులునీటి నాలా అశోక్‌నగర్ మీదుగా సాగి మూసీలో కలుస్తుంది. దాని గట్ల మీద ఆకులు నవనవలాడుతూ కనిపిస్తాయి. అవి తాగేది మురుగు. మూసీ నీటితో పెరిగే పంటల గురించి పరిశోధకులు ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. రోడ్డుపక్క పొగ తాగిన మొక్క, కుక్కలు తిరిగే ఖాళీజాగా, పార్కులో మందు చల్లిన గడ్డి, ఏవీ తినడానికి కావు. ఇందిరా పార్కు చెట్ల పేర్లు నేర్చుకోవడానికి మంచి చోటు, కోయడానికి కాదు. ఖాళీ స్థలాల్లో క్యారెట్ ఆకులా నిగనిగలాడే వయ్యారిభామను ముట్టుకున్నా కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి.

కాబట్టి ఈ పేటల వాళ్లకు అసలైన ఏరుకోవడం మార్కెట్‌లోనే, మిద్దె మీది కుండీల్లోనే. మనకు తెలియకుండా మనం తినే అడవి కూడా ఒకటుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బండ్ల మీద గుట్టలుగా పోసే సీతాఫలాల్లో చాలాభాగం పాలమూరు గుట్టల్లో తమంతట తాము పెరిగిన చెట్లవి. ఆ జిల్లాలోని బాలానగర్ పేరే ఒక సీతాఫలం రకానికి పెట్టారు. ఉసిరి, కరక్కాయ, కుంకుడు, తేనె ఆదివాసీలు అడవి నుంచి తెచ్చేవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇలాంటివి కొనడానికే పుట్టింది. ఈ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద వాళ్లకు యాజమాన్య హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. మన కార్తీకపు పూజాద్రవ్యాల వెనుక వాళ్ల నడక ఉంది.

పాస్తాపూర్ ఆడవాళ్లు

ఆకును గుర్తుపట్టే ఈ విద్య ఇంకా నిండుగా బతికి ఉన్న చోటు హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, జహీరాబాద్ పక్కన పాస్తాపూర్‌లో ఉంది. పి.వి. సతీష్, ఆయన సహచరులు 1983లో మొదలుపెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో సభ్యులు ఎక్కువగా దళిత మహిళలు. జొన్న, కంది, కొర్ర, అనుము కలిపి వేసిన వాళ్ల చేనులో విత్తినవే కాక విత్తని కూరాకులు కూడా పంటలెక్కే. వాటిని కలుపు అనరు, పేరు పెట్టి పిలుస్తారు. కలుపుమందు కొడితే పోయేది ముందుగా ఈ కూరే కాబట్టి మందు వద్దనడానికి వాళ్లకు అదొక గట్టి కారణం. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చి ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. సతీష్ 2023లో కన్నుమూశారు, జాతర ఆగలేదు.

జపాన్ వాళ్లు జనవరి 7న ఏడు రకాల ఆకులు వేసిన గంజి తాగుతారు. గ్రీస్‌లోని క్రీట్ దీవిలో కొండల మీద ఏరిన ఆకుకూరలు నేటికీ రోజువారీ భోజనం. ఆ దేశాలు దాన్ని తమ గొప్పగా చెప్పుకుంటాయి. మనం మాత్రం తుమ్మికూరను ఒక్క వినాయక చవితికి పరిమితం చేసి, పత్రి పేరుతో ఏ ఆకులో తెలియని కట్ట కొనుక్కుంటున్నాం.

వనభోజనాలదీ అదే దారి. పత్రికల్లో కార్తీక వనభోజనాల ప్రకటనలు చూడండి, చాలావరకు కులసంఘాలవే. ఫాంహౌస్‌లో షామియానా, క్యాటరింగ్ భోజనం, నాయకుల ప్రసంగాలు. ఉసిరిచెట్టు ఉంటే ఉంటుంది, లేకపోతే కుండీలో కొమ్మ పెడతారు. చెట్టునీడకు కులం లేదు, దాని కింద కూర్చునేవాళ్లకు అంటగట్టాం. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదివే వేలమంది పర్యావరణం సిలబస్‌లో జీవవైవిధ్యం గురించి బిట్లు బట్టీ పడతారు. వాళ్లలో చాలామంది అమ్మలు ఊళ్లో ఆ జీవవైవిధ్యాన్ని కొంగులో ఏరుకొచ్చి వండినవాళ్లే. ఆ అమ్మలను అడిగి రాసుకుంటే ఏ కోచింగ్ మెటీరియల్‌లోనూ దొరకని పుస్తకం అవుతుంది.

ఈ సంప్రదాయం విలువ పుణ్యం లెక్కలో కన్నా గుర్తుపట్టడంలో ఎక్కువుంది. పేరు తెలియని మొక్కను ఎవరూ కాపాడరు. ఈ కార్తీకంలో ఒక పని చేయండి. నారాయణగూడ మార్కెట్‌లోనో మీ వీధి చివర బుట్ట దగ్గరో మీరు ఎన్నడూ వండని ఆకు ఒక్కటి కొనండి. అమ్మే ఆమెను దాని పేరు, వండే తీరు అడగండి. బేరం ఆడకండి, ఆమె కూరతో పాటు చదువు కూడా ఇస్తోంది. ఇంటికొచ్చాక ఆ ఆకు పిల్లల చేతికిచ్చి, పేరు చెప్పించి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి.